పచ్చ అంటే ఏ పచ్చ? రంగు మాటతో బొమ్మలు వెతికే ప్రాజెక్టు డైరీ

మొదటి శనివారం

"ఆకుపచ్చ" అని తెలుగులో టైపు చేస్తే ఆకుపచ్చ ఉన్న బట్టలు రావాలి. "పెళ్లి రంగులు" అని కొడితే మన ఇళ్లలో పెళ్లి రంగులు అనుకునేవి రావాలి. ఇదీ పని. చాలా నెలలుగా మనసులో నలుగుతోంది, ఈరోజు మొదలుపెట్టేశాను.

బొమ్మల కోసం వెతుక్కోవాల్సిన పని లేదు. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం 2017 ఫిబ్రవరిలో 3,75,000కు పైగా ఫొటోలను ఎవరైనా దేనికైనా వాడుకోవచ్చని వదిలేసింది, 2019 జనవరిలో క్లీవ్‌లాండ్ మ్యూజియం కూడా అదే బాట పట్టింది. రెండింటికీ ఏపీఐలు, అంటే ప్రోగ్రాం నేరుగా ఫొటోలు తెచ్చుకునే దారులు ఉన్నాయి, ముందుగా కీ తీసుకోమని కూడా అడగవు. నేను అన్నీ తీసుకోలేదు. కోరమాండల్ తీరంలో అద్దిన నూలు బట్టలు, అంటే మన కలంకారీ, ఇంగ్లిష్‌వాళ్లు చింట్జ్ అనేది, పలంగ్‌పోషులనే మంచం దుప్పట్లు, రుమాళ్లు, వాటికి దగ్గరగా ఉన్న దక్కనీ చిత్రాలు కొన్ని. స్క్రిప్ట్ రాత్రి పది దాకా నడిచింది, నకళ్లు తీసేశాక మూడు వందల పైచిలుకు మిగిలాయి.

మచిలీపట్నం వైపు అద్దిన బట్ట అంత దూరం ఎలా వెళ్లిందా అనిపిస్తుంది కానీ 17, 18 శతాబ్దాల్లో యూరప్ వీటికోసం ఎగబడింది, నూలు మీద ఉతికినా పోని ఎరుపు వాళ్లకు అప్పటికి కొత్త. ఫ్రాన్స్ అయితే తమ నేతపని దెబ్బతింటోందని 1686లో ఏకంగా నిషేధం పెట్టింది. ఆ బట్టలే ఇప్పుడు నా ల్యాప్‌టాప్‌లో జేపీజీలుగా ఉన్నాయి. ఒక్కొక్కటీ తెరిచి చూస్తూ కూర్చుంటే కోడ్ రాయాలన్న సంగతే మర్చిపోయాను.

ఆదివారం

రంగుతో బొమ్మలు వెతకడం కొత్త ఆలోచనేం కాదు. 1991లో స్వెయిన్, బలార్డ్ అనే ఇద్దరు ఒక బొమ్మలో ఏ రంగు ఎంత ఉందో లెక్కగట్టి ఆ లెక్కలను పోల్చే పద్ధతి చూపించారు. ఆ దశాబ్దంలోనే ఐబీఎం క్యూబిక్ అనే వ్యవస్థ తయారుచేసింది, రష్యాలోని హెర్మిటాజ్ మ్యూజియం వెబ్‌సైట్‌లో రంగు ఎంచుకుని చిత్రాలు వెతికే వీలు దాంతోనే వచ్చింది. ఇవన్నీ "ఈ రంగు లాంటి రంగు" ఉన్న బొమ్మను తెచ్చిపెడతాయి. రంగుకు మనం పెట్టుకున్న పేరుతో, ఆ పేరు మోసే అర్థంతో వాటికి పని లేదు. నాకు కావాల్సింది అదే.

ముందు తేలికైన భాగం. ప్రతి ఫొటోనూ చిన్నది చేసి, పిక్సెళ్లను ల్యాబ్ అనే రంగుల లెక్కలోకి మార్చి, దగ్గరి రంగులను గుంపులు చేసే కె-మీన్స్‌తో ఆరు ముఖ్యమైన రంగులు తీశాను. ఆర్‌జీబీలో, అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లతో రంగును రాసే లెక్కలో, రెండు రంగుల మధ్య దూరానికీ కంటికి కనిపించే తేడాకూ పొంతన సరిగా కుదరదు, 1976లో ప్రమాణంగా పెట్టిన ల్యాబ్‌లో ఆ దూరం కంటికి చాలావరకు దగ్గరగా ఉంటుంది. అందుకే అది.

మొదటి ఫలితం: మూడొంతుల బట్టలకు ముఖ్యమైన రంగు "బూడిద". బట్టలను బూడిదరంగు కాగితం మీద పరిచి ఫొటో తీశారు, నా కోడ్ ఆ కాగితాన్ని కొలిచింది. నాలుగు మూలల నుంచి మొదలుపెట్టి అదే రంగు ఉన్నంతవరకూ తీసేసే చిన్న ఫంక్షన్ రాశాను, సగం ఫొటోలు దారికొచ్చాయి. మిగతావి చేత్తో కత్తిరిస్తున్నాను.

రెండో శనివారం, విజయవాడ

రంగుల పేర్లు కావాలి. ఇంగ్లిష్‌లో ఈ పని ఎప్పుడో జరిగింది. 2010లో రాండల్ మన్రో అనే అమెరికా కార్టూనిస్టు ఆన్‌లైన్‌లో సర్వే పెడితే జనం రెండు లక్షలకు పైగా విడతల్లో కూర్చుని 50 లక్షల రంగులకు పేర్లు రాశారు. తెలుగులో అలాంటిది నా కంటపడలేదు, ఆ ఇంగ్లిష్ పేర్లను తెలుగు చేసుకుంటే మన రంగులు రావు. గచ్చకాయ రంగును దేని కింద రాస్తాం?

మా పిన్ని వన్ టౌన్‌లో ఒక మ్యాచింగ్ సెంటర్‌లో ఇరవై ఏళ్ల నుంచి పనిచేస్తోంది. చీర చేతికిస్తే చాలు, వందల జాకెట్ ముక్కల్లోంచి సరిగ్గా ఆ రంగుది లాగి చేతిలో పెడుతుంది. ఈ ప్రాజెక్టు ఆలోచన పుట్టిందే ఆమె పని చూశాక. రాత్రి భోజనాలయ్యాక ఆమె ఫోన్‌లోనే నేను చేసిన చిన్న పేజీ తెరిచాను. ఒక్కో రంగు గడి వస్తుంది, ఆమె పేరు చెప్తుంది, నేను రాస్తాను. 240 గడులు. కనకాంబరం, మెంతి రంగు, చింతపిక్క, ఉల్లిపొర, వంకాయ, నెమలి కంఠం, చిలకపచ్చ, ఇటుక, తేనె రంగు, రాణి రంగు. తడుముకోకుండా చెప్పుకుంటూ పోయింది. ఒక్క గడి దగ్గర మాత్రం ఆగి, "ఇది రామా గ్రీన్. నీలమంటే నీలం కాదు, పచ్చంటే పచ్చ కాదు. నీ ఇష్టం వచ్చినట్టు ఏదో ఒక దాంట్లో పడెయ్యకు, దీని గడి దీనికే ఉండాలి" అంది.

సోమవారం

శనివారం రాసుకున్నదంతా తీసేయాల్సి వచ్చింది.

గ్రాఫ్ గీసి చూస్తే తెల్లగా ఉన్న గడులన్నిటికీ "గంధం రంగు" అని ఉంది, లేత నీలాలు కొన్ని "బూడిద" అయ్యాయి. పిన్ని పొరపాటు పడదు, ఆ మాట నేను ఒట్టేసి చెప్పగలను. ఫోన్ చేసి అడిగితే తేలింది, రాత్రి తొమ్మిది దాటగానే ఆమె ఫోన్ కళ్లకు హాయిగా ఉండే మోడ్‌లోకి దానంతటదే వెళ్లిపోతుంది. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందంటారే, స్క్రీన్‌కి కామెర్లు వచ్చినట్టయింది. ముందే చూసుకోవాల్సింది, రెండు గంటలు ఆమె నిద్ర పాడుచేశాను.

పిన్నికి కోపం రాలేదు. "ఫోన్లో రంగు చూసి నేనెప్పుడైనా జాకెట్ ముక్క ఇచ్చానా? వచ్చే ఆదివారం పొద్దున్నే రా, గుడ్డ ముక్కలతో చేద్దాం" అంది.

మూడో ఆదివారం, మళ్లీ విజయవాడ

ఈ పొద్దున చూసింది వివరంగా రాసుకోవాలి.

కొట్టు తెరిచేలోపు గంటన్నర టైమ్ ఉంది. పిన్ని మిగులు ముక్కల సంచీ ఒకటి తీసి గుమ్మం దగ్గర కూర్చుంది, లోపల ట్యూబ్‌లైట్ కింద కాదు. చీర పట్టుకొచ్చిన వాళ్లను కూడా ఆమె గుమ్మం దాకా తీసుకొచ్చి, చీర కొంగు మీద జాకెట్ ముక్క పరిచి ఎండ వెలుగులో చూపించాకే కోస్తుంది. ట్యూబ్‌లైట్ కింద అచ్చం ఒకటే అనిపించిన రెండు ముక్కలు బయటికి తెస్తే ఒకటి ఎరుపు వైపు, ఒకటి నీలం వైపు తిరుగుతాయి. నాకు రెండు వంకాయ రంగు ముక్కలతో చేసి చూపించింది. లోపల ఎంత చూసినా తేడా తెలియలేదు, గుమ్మం దాటగానే ఒకటి నేరేడు పండు రంగైంది. రంగుల శాస్త్రంలో దీనికి మెటామెరిజం అని పేరు, పాఠం చదివితే నాకు అరకొరగా అర్థమైంది, ఆ రెండు ముక్కలతో పూర్తిగా అర్థమైంది.

ఒక్కో ముక్కనూ తెల్లకాగితం పక్కన పెట్టి ఫొటో తీశాను, కాగితం తెలుపును ఆధారం చేసుకుని తర్వాత సరిచేయడానికి. 130 ముక్కలు, 61 పేర్లు. ఒకే పేరు రెండు మూడు ముక్కలకు వచ్చిందంటే ఆ పేరు పరిధి ఎంతో తెలుస్తుంది. కనకాంబరం చాలా ఇరుకు, కొంచెం అటైతే నారింజ, ఇటైతే గులాబీ. "మెరూన్" మాత్రం విశాలం, ముదురు ఎరుపులు చాలావరకు అందులోనే. అందుకని ప్రతి పేరుకూ ఒక నడిమి రంగు, దాని చుట్టూ ఎంత దూరం దాకా ఆ పేరు చెల్లుతుందో ఒక కొలత రాసుకున్నాను. వెతికేటప్పుడు నడిమికి దగ్గరున్న బొమ్మ ముందు వస్తుంది, అంచున ఉన్నది వెనక వస్తుంది.

బుధవారం

పచ్చ దగ్గర చిక్కుపడ్డాను.

పచ్చసొన, పచ్చకామెర్లు: పసుపు. పచ్చగడ్డి, పచ్చతోరణం: ఆకుపచ్చ. పచ్చబొట్టు: నలుపూ నీలమూ కలిసిన ముదురు రంగు, అందులో పసుపు లేదు, ఆకుపచ్చ అని కూడా గట్టిగా చెప్పలేం. పచ్చని కాపురం: అసలు రంగే లేదు. ల్యాబ్‌లో రంగును చక్రం మీద కోణంగా చూస్తే స్క్రీన్ మీది నిఖార్సైన పసుపు 103 డిగ్రీల దగ్గర, ఆకుపచ్చ 136 దగ్గర ఉంటాయి. పసుపుకొమ్ము ఇంకా కింద ఉంటుంది. ఒక్క మాట ఈ మేర అంతా పరుచుకుని కూర్చుంది.

1969లో బెర్లిన్, కే అనే ఇద్దరు పరిశోధకులు భాషలన్నీ రంగులకు పేర్లు పెట్టుకునే తీరులో ఒక వరుస ఉందని చెప్పారు. వాళ్ల వరుసలో పసుపు, ఆకుపచ్చ విడివిడి గడులు. మనకూ విడివిడి పేర్లు ఉన్నాయి, కానీ ముందు "ఆకు" అనో "చిలక" అనో "పసుపు" అనో "నిమ్మ" అనో ఒక వస్తువును నిలబెట్టి దాని వెనక పచ్చ అంటాం. కాబట్టి కోడ్‌లోనూ అలాగే పెట్టాను: పచ్చకు ముందు మాట ఉంటే ఆ మాట చెప్పిన చోటికే వెళ్లాలి, ఉత్త "పచ్చ" అంటే పసుపువి ఒక వరుస, ఆకుపచ్చవి ఒక వరుస, రెండూ చూపించాలి. ఏది కావాలో వెతికే మనిషికి తెలుసు, యంత్రం ఊహించి ఒకదాన్ని దాచేయకూడదు.

నాలుగో శనివారం

ఇక అర్థాలు. ఇక్కడ మొదట తప్పుదారి పట్టాను. నెట్‌లో దొరికే రంగుల అర్థాల పట్టికలు ఉంటాయి కదా, ఎరుపు అంటే కోపం, తెలుపు అంటే శాంతి, నలుపు అంటే దుఃఖం అని, అలాంటిదొకటి తెలుగు చేసి పెట్టి పిన్నికి చదివి వినిపించాను. "ఎరుపు కోపమైతే కుంకుమ ఎవరు పెట్టుకుంటార్రా?" అంది. నలుపు గురించి అడిగితే, "పసిబిడ్డ బుగ్గన దిష్టి చుక్క ఏ రంగు? అయ్యప్ప మాల వేసుకున్నవాళ్ల బట్టలు ఏ రంగు?" అంది. తెలుపు సంగతి ఆమె చెప్పక్కర్లేదు. మధుపర్కాలు తెలుపే, క్రైస్తవుల ఇళ్లలో పెళ్లికూతురి చీరా తెలుపే, భర్త పోయిన ఆడవాళ్లకు ఒకప్పుడు కట్టబెట్టిందీ తెలుపే. ఒక రంగుకు ఎదురుగా ఒక అర్థం రాసే పట్టిక ఏదైనా సరే అబద్ధమే చెప్తుంది. తీసేశాను.

మరి ఆ మూడు తెలుపులను మనం ఎలా వేరు చేస్తున్నాం? పక్కన ఏముందో చూసి. మధుపర్కాల తెలుపుకు ఎర్ర అంచు ఉంటుంది. పసుపు ఒక్కటే ఉంటే పసుపు, దాని పక్కన కుంకుమ ఎరుపు వచ్చిందంటే శుభకార్యం. అందుకే ఒంటరి రంగులను పక్కనపెట్టి రంగుల జంటలను లెక్కించడం మొదలుపెట్టాను: బొమ్మలో ఏ రంగు పక్కన ఏ రంగు ఉంది, ఆ రెండూ తాకే గీత ఎంత పొడవు, ఏది పరుచుకుని ఉంది, ఏది అంచులా సన్నగా ఉంది. "పెళ్లి రంగులు" అంటే ఇప్పుడు నా సెర్చిలో మూడు జంటలు. విశాలమైన తెలుపు పక్కన సన్నటి ఎరుపు. పసుపు పక్కన ఎరుపు. మామిడాకు పచ్చ పక్కన పసుపు. ఈ జాబితా పిన్నితోనూ మా అమ్మతోనూ కూర్చుని రాసింది, ఇంకో ఇంట్లో ఇంకోలా ఉండొచ్చు, అందుకే దీన్ని విడి ఫైల్‌గా పెట్టాను, ఎవరి ఇంటిది వాళ్లు రాసుకోవచ్చు.

మధ్యలో ఒక ఏఐ మోడల్ కూడా ప్రయత్నించాను. ఓపెన్‌ఏఐ 2021లో విడుదల చేసిన క్లిప్ బొమ్మనూ మాటనూ ఒకే లెక్కలోకి తెస్తుంది, కానీ అది ఇంగ్లిష్ మాటల మీద పెరిగింది, తెలుగు ఇస్తే అక్షరాలను ముక్కలు చేసుకుని ఏదో ఒకటి తెచ్చింది. అనేక భాషలు తెలిసిన మోడల్ పెట్టి, మ్యూజియం ఫొటోలు ఇంకాసిన్ని కలిపి "పెళ్లి" అని వెతికితే పొడవాటి తెల్ల గౌన్లు వచ్చాయి. అది ఏ ఫొటోలు చూసి పెరిగిందో దాని ప్రకారం అది సరైన జవాబే. నాకు కావాల్సిన పెళ్లి వేరు. దాన్ని ఇప్పుడు ఒక్క పనికే వాడుతున్నాను, బొమ్మలో చెట్టు ఉందా, మనిషి ఉన్నాడా, ఉత్త డిజైనా అని చెప్పడానికి.

మంగళవారం

"తెలుపు" అని వెతికితే ఒక్కటీ రాలేదు. మూడు వందల బట్టల్లో తెల్లటి నేల ఉన్నవి ఎన్నో ఉన్నాయి, కానీ రెండు మూడు వందల ఏళ్లకు ఆ తెలుపు గంధం రంగుకు తిరిగింది. పిక్సెల్ ప్రకారం అది తెలుపు కాదు, అద్దినవాళ్ల ప్రకారం అదే తెలుపు. రంగు తాకకుండా వదిలేసిన బట్ట అది.

అలాంటి బట్టల్లో నేలరంగునే తెలుపుగా తీసుకుని మిగతా రంగులను దాన్నిబట్టి జరిపి చూశాను. ఎరుపులు మెరుగుపడ్డాయి, నీలాలు మరీ వెలిగిపోయాయి. అసలు రంగును చెరపకుండా రెండో లెక్కగా పక్కన పెట్టాను. ప్రతి బొమ్మకూ ఇప్పుడు రెండు ఉన్నాయి: కంటికి కనిపించే రంగు, అద్దినప్పటి రంగు.

ఐదో ఆదివారం

ఈ ప్రాజెక్టులో నాకు బాగా గుర్తుండిపోయేది ఈరోజే.

"ఆకుపచ్చ" వెతికితే ఫలితాలు మరీ తక్కువ. ఈ పలంగ్‌పోషుల మీద ఉండేదే పెద్ద పూలచెట్టు, అడుగు నుంచి అంచుదాకా కొమ్మలు, కొమ్మకు పది ఆకులు, ఇన్ని ఆకులుండి ఆకుపచ్చ లేకపోవడమేంటి? ఒక్కొక్కటీ తెరిచి చూశాను. ఆకులన్నీ నీలంగా ఉన్నాయి. ఒకటీ రెండూ కాదు, వరుసగా. గీసినవాళ్లకు నీలం ఆకులంటే ఇష్టమేమో అనుకుని స్క్రీన్‌షాట్ పిన్నికి పంపాను. పది నిమిషాల్లో ఫోన్. "మా షోకేసులో ఎండ తగిలే వైపు పెట్టిన పచ్చ ముక్కలు కొన్ని ఇలాగే నీలం తిరుగుతాయి. అందులో పసుపు పోయిందిరా."

అప్పుడు కూర్చుని అద్దకం పద్ధతి చదివాను. కరక్కాయలో, పాలలో నానబెట్టిన బట్ట మీద తుప్పుపట్టిన ఇనుమూ బెల్లమూ ఊరబెట్టిన నీళ్లతో నల్ల గీత గీస్తారు. ఎరుపు రావాల్సిన చోట పటిక పూసి చిరువేరుతో ఉడికిస్తారు. నీలం అక్కర్లేని చోటంతా మైనం పూసి నీలిమందు తొట్టిలో ముంచుతారు. ఆకుపచ్చకు విడిగా రంగు లేదు, ఆ నీలం మీదే పసుపు పూస్తారు. చిరువేరు ఎరుపూ నీలిమందూ గట్టివి, శతాబ్దాలు నిలుస్తాయి. పై పసుపు వెలుగుకు తాళలేదు. అది వెళ్లిపోయాక ఆకు మీద కింది నీలం మిగిలింది. పిన్ని చెప్పిందీ అదే.

అంటే నా సెర్చి సరిగ్గానే కొలిచింది, బట్ట చెప్పాల్సిన మాట మాత్రం దానికి అందలేదు. దీన్ని రూల్‌గా రాద్దామని చూశాను: కోరమాండల్ తీరం, అద్దిన నూలు, చెట్టు బొమ్మ, నీలం కనిపిస్తే ఆకుపచ్చగా లెక్కించు అని. నడవలేదు, ఎందుకంటే నీలం పూలు కూడా ఉంటాయి, అవి నీలంగానే అద్దినవి. వాటిని కూడా ఆకుపచ్చ చేసేస్తే ఆ పనివాడికి అన్యాయం. మోడల్‌కి ఆకూ పూవూ తేడా ఈ చిన్న సైజులో తెలియడం లేదు. కాబట్టి చేత్తోనే గుర్తిస్తున్నాను. ఆకు చుట్టూ గీత గీసి, పక్కన "ఖాయం" అనో "అనుమానం" అనో రాయడం. ఒక బొమ్మకు దగ్గర దగ్గర పావుగంట. ఈ పనిలో విసుగు రావడం లేదు, ఆకు వెంబడి మౌస్ నడుపుతుంటే కలం ఎక్కడ వత్తి పట్టారో, ఎక్కడ తేలిగ్గా లాగారో తెలుస్తోంది.

కృష్ణుడి విషయం కూడా ఈ లెక్కలోనే తేల్చాను. మాటల్లో నల్లనయ్య, బొమ్మల్లో నీలం. "నల్లని కృష్ణుడు" అని వెతికేవాళ్లకు నీలం శరీరమున్న బొమ్మ రావాలి. ఇది వెలిసిన రంగు కాదు, ఎంచుకున్న రంగు, కాబట్టి "అద్దినప్పటి రంగు" గడిలో రాయకూడదు. మూడో గడి పెట్టాను: "మాటలో రంగు". ప్రస్తుతానికి అందులో ఉన్నవి కొద్దిగా, దేవుళ్ల బొమ్మలవి మాత్రమే.

గురువారం

అరవై బట్టలు గుర్తించడం అయింది. ఫలితాల కింద ఏ గడి వల్ల ఆ బొమ్మ వచ్చిందో చిన్న అక్షరాలతో చూపిస్తున్నాను, "కనిపించే రంగు నీలం, అద్దినప్పుడు ఆకుపచ్చ" అని. అది లేకపోతే ఆకుపచ్చ అడిగిన మనిషికి నీలం ఆకులు చూపిస్తే సెర్చి పాడైందనుకుంటారు. పిన్ని ఆ వాక్యం చదివి, "ఇది బాగుంది, ఇలా చెప్తే ఎవరికైనా అర్థమవుతుంది" అంది.

ఒక సమస్య మిగిలింది. అద్దినప్పుడు ఆకుపచ్చ అని తెలుసు సరే, ఏ ఆకుపచ్చ? ముదురా, లేతా, చిలకపచ్చా? నడిమి రంగు ఏదో ఒకటి రాయకపోతే వరుస కుదరదు, ఊహించి రాయడం నాకిష్టం లేదు. నిన్న రాత్రి ఒక పలంగ్‌పోషును పూర్తి సైజులో దించుకుని అంగుళం అంగుళం చూస్తుంటే కింది అంచు దగ్గర, రెండు ముక్కలు కలిపి కుట్టిన చోట, బట్ట కొంచెం మడతపడి ఉంది. ఆ మడతలోకి సగం దూరిన ఆకు ఒకటి కనిపించింది. బయటి సగం మిగతా ఆకుల్లాగే నీలం. లోపలి సగం, కుట్టుకు ఆనుకుని గోరంత మేర, ఆకుపచ్చగా ఉంది. వెలుగు తగలని చోటు.

అక్కడి పిక్సెళ్ల సగటు తీసి ఆ బట్ట ఆకులన్నిటికీ అద్దినప్పటి రంగుగా రాశాను. ఈ పొద్దున ఆ ముక్కను పెద్దది చేసి పిన్నికి పంపి, ఇదేం రంగు పిన్నీ అని అడిగాను. పగటి పూటే చూసిందట, ఫోన్ మోడ్ ఆపేసి, గుమ్మం దగ్గర నిలబడి. "మామిడాకు పచ్చ" అని జవాబు వచ్చింది. ఫైల్‌లో ఆ పేరే పెట్టాను. ఇక కుట్లు, మడతలు ఉన్న మిగతా బట్టలన్నీ పూర్తి సైజులో దించుకోవాలి, రాత్రికి స్క్రిప్ట్ పెట్టి పడుకుంటాను.